లింకన్ సినిమా, మన వెట్టి చాకిరి, యిర్మీయా 34



ఈసారి వాక్యధ్యానానికి ముందు ఒక సినిమా గురించి మాట్లాడుకుందాం. సినిమా పేరెత్తగానే సంఘంలో పెద్దలకు కొంచెం ఇబ్బందిగా ఉంటుందని మాకు తెలుసు. అయినా మన యవ్వనస్థులు ఫోన్లలో చూస్తూనే ఉన్నారు. చూసేవాటిని వాక్యపు వెలుగులో ఎలా చూడాలో చెప్పకుండా ఊరికే వద్దంటే సరిపోదు. అందుకే వాళ్ళు అడిగిన ‘లింకన్’ సినిమానే తీసుకున్నాం. అది అమెరికా కథ. కానీ చివరికి మన ములుగు చేలదాకా, మన కూలి లెక్కలదాకా వస్తుంది. ఓపికగా చదవండి.

సినిమాలో ఏముంది?

స్టీవెన్ స్పీల్‌బర్గ్ 2012లో తీసిన సినిమా ఇది. అమెరికా 16వ అధ్యక్షుడు అబ్రహాం లింకన్‌గా డేనియల్ డే లూయిస్ నటించాడు. 12 విభాగాల్లో ఆస్కారుకు పోటీపడి 2 గెలిచింది. అందులో ఒకటి ఉత్తమ నటుడి బహుమతి. లింకన్ పుట్టుక, పేదరికం, పొయ్యి వెలుగులో చదువు, ఇవన్నీ చూపిస్తారని కూర్చుంటే అవేమీ కనబడవు. సినిమా దాదాపు అంతా 1865 జనవరి నెల చుట్టూనే తిరుగుతుంది. కథలో పని ఒక్కటే: బానిసత్వాన్ని రద్దు చేసే 13వ రాజ్యాంగ సవరణను ప్రతినిధుల సభలో గెలిపించడం.

లింకన్ 1863 జనవరి 1నే విడుదల ప్రకటన చేశాడు కదా, మళ్ళీ ఇదెందుకు అని కొందరికి సందేహం రావచ్చు. ఆ ప్రకటన యుద్ధకాలపు ఉత్తర్వు. తిరుగుబాటు చేసిన రాష్ట్రాలకే అది వర్తించింది. యుద్ధం అయిపోయాక ఏ కోర్టో కొట్టేస్తే విడుదలైనవాళ్ళు మళ్ళీ సంకెళ్ళలోకి వెళ్ళే ప్రమాదం ఉంది. అందుకని యుద్ధం ముగిసేలోపే రాజ్యాంగంలో రాయించాలని లింకన్ పట్టుబట్టాడు. దానికి సభలో మూడింట రెండు వంతుల ఓట్లు కావాలి. సొంత పార్టీ బలం చాలదు. ఎన్నికల్లో ఓడిపోయి ఇంటికి వెళ్ళబోతున్న ఎదుటి పార్టీ సభ్యులకు ఉద్యోగాల ఆశ చూపించి ఒక్కొక్కరిని తిప్పుకోవడం సినిమాలో కనిపిస్తుంది. దక్షిణాది రాయబారులు సంధికోసం బయలుదేరారన్న మాట పొక్కితే ఓటింగ్ ఆగిపోతుంది. అప్పుడు లింకన్ ఒక చీటీ రాస్తాడు. రాయబారులు వాషింగ్టన్ నగరంలో లేరు, వచ్చే సూచనా లేదు అని దాని సారాంశం. అది అబద్ధం కాదు, ఎందుకంటే వాళ్ళను నగరం బయటే ఉంచమన్నది ఆయనే. కానీ నిండు నిజమూ కాదు. ఇది చరిత్రలో జరిగిన సంగతే.

1865 జనవరి 31న ఓట్లు లెక్కపెట్టారు. అనుకూలంగా 119, వ్యతిరేకంగా 56. ముగ్గురు అటు తిరిగి ఉంటే ఓడిపోయేది. సుమారు 40 లక్షలమంది బానిసల బ్రతుకు అంత సన్నని దారం మీద వేలాడింది.

ఉద్యోగం ఆశ చూపి ఓటు తెచ్చుకోవడం తప్పా, ఒప్పా అని యవ్వనస్థులు అడిగారు. పని మంచిదైతే దారి ఎలా ఉన్నా ఫరవాలేదని వాక్యం ఎక్కడా చెప్పలేదు. కోరెషు తనను ఎరుగకపోయినా దేవుడు అతని చేత తన ప్రజలను చెరనుండి విడిపించాడు. అంటే దేవుడు వంకర కర్రతో కూడా తిన్నని గీత గీయగలడు. అంతమాత్రాన కర్ర తిన్ననిది అయిపోదు. లింకన్‌ను మెస్సీయను చేయవద్దు. ఆయన బైబిలు బాగా చదివినవాడే కానీ ఏ సంఘంలోనూ సభ్యుడిగా చేరలేదు. ఆయనను కాల్చింది 1865 ఏప్రిల్ 14న, శుభ శుక్రవారం నాడు. ఆ రోజు కలిసి రావడంతో అప్పట్లో చాలామంది ఆయనను క్రీస్తుతో పోల్చారు. మనం ఆ పని చేయం. రక్షకుడు ఒక్కడే.

సినిమాలో లేనిది

సినిమా చూసి ఇదే చరిత్ర అనుకోకూడదు. కనెక్టికట్ రాష్ట్రపు సభ్యులు ఇద్దరు సవరణకు వ్యతిరేకంగా ఓటు వేసినట్టు సినిమాలో ఉంది. నిజానికి ఆ రాష్ట్రపు నలుగురు సభ్యులూ అనుకూలంగానే వేశారు. సినిమా వచ్చాక అక్కడి కాంగ్రెస్ సభ్యుడే ఈ తప్పును బయటపెట్టాడు.

అంతకంటె పెద్ద కొరత ఒకటుంది. ఫ్రెడరిక్ డగ్లస్ బానిసగా పుట్టి, పారిపోయి, తన మాటలతో దేశాన్ని కదిలించినవాడు, లింకన్‌ను స్వయంగా కలిసి మాట్లాడినవాడు. ఆయన ఈ సినిమాలో ఒక్కసారి కూడా కనబడడు. ఆ యుద్ధంలో ఉత్తరాది సైన్యంలో చేరి పోరాడిన నల్లజాతి సైనికులు సుమారు 1 లక్షా 80 వేలమంది. యజమానుల పొలాలు వదిలి రాత్రికి రాత్రి సైన్యపు శిబిరాలకు నడిచి వచ్చినవాళ్ళకు లెక్కే లేదు. సినిమా మాత్రం ఎక్కువసేపు పెద్దల గదుల్లోనే ఉంటుంది. అది చూసి, విడుదల అనేది పైనున్నవాళ్ళు దయతలచి కిందకు జారవిడిచేదని అనుకుంటే పొరపాటు. నిర్గమకాండము ఫరో గదిలో మొదలు కాదు. ఇటుకల పని క్రింద మూలిగినవాళ్ళ మొరతో, మగబిడ్డలను చంపడానికి ఒప్పుకోని మంత్రసానుల ధైర్యంతో మొదలవుతుంది.

130 ఏళ్ళ తర్వాత వేసిన ఓటు

సభ ఒప్పుకుంటే చాలదు, నాలుగింట మూడు వంతుల రాష్ట్రాలు కూడా ఒప్పుకోవాలి. 1865 డిసెంబరు 6న ఆ లెక్క పూర్తయింది, సవరణ రాజ్యాంగమైంది. అయితే మిసిసిపీ రాష్ట్రం అప్పుడు ఒప్పుకోలేదు. ఎప్పుడు ఒప్పుకుంది? 1995లో. అదైనా సరిగా జరగలేదు. శాసనసభ తీర్మానం చేసింది కానీ ఆ కాగితం చేరవలసిన ఆఫీసుకు చేరలేదు. 2012లో మన భారతదేశం నుంచి వెళ్ళి అక్కడి వైద్య విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్న ఒక ఆచార్యుడు ఈ సినిమా చూశాడు. తర్వాత రాష్ట్రాలు ఏమయ్యాయని వెదికితే ఈ సంగతి తెలిసింది. తోటి ఉద్యోగితో కలిసి అధికారుల దృష్టికి తెచ్చాడు. 2013 ఫిబ్రవరిలో మిసిసిపీ పేరు అధికారికంగా నమోదైంది.

ఒక సినిమా చూసి ఊరుకోకుండా, తర్వాత ఏమైంది అని అడిగితే ఇలాంటివి బయటపడతాయి. సినిమా గెలుపు దగ్గర ఆగుతుంది, బ్రతుకు అక్కడినుంచి మొదలవుతుంది. సవరణలో ఒక మినహాయింపు ఉంది. నేరానికి శిక్షగా మాత్రం బలవంతపు పని చేయించుకోవచ్చు. దక్షిణాది రాష్ట్రాలు ఆ సందులోంచే దూరాయి. పనిలేకుండా తిరగడం కూడా నేరమని చట్టాలు చేసి, విడుదలైనవాళ్ళను పట్టుకుని జైల్లో వేసి, ఆ ఖైదీలను తోటలకు, గనులకు కిరాయికి ఇచ్చాయి. యుద్ధకాలంలో 1865 జనవరిలో ఒక సైన్యాధికారి ఆజ్ఞతో విడుదలైన కుటుంబాలకు సముద్రతీరపు భూములు పంచారు. లింకన్ చనిపోయాక వచ్చిన అధ్యక్షుడు అదే ఏడు వాటిలో చాలామట్టుకు పాత యజమానులకే తిరిగి ఇప్పించాడు. దాసుని విడిపించినప్పుడు వట్టిచేతులతో పంపవద్దని, మందలోంచి, కళ్ళంలోంచి, గానుగలోంచి ధారాళంగా ఇచ్చి పంపమని ద్వితీయోపదేశకాండము 15వ అధ్యాయము ఆజ్ఞాపిస్తుంది. అక్కడ వాళ్ళను వట్టిచేతులతోనే పంపారు.

ఆ గొడవకూ మన సంఘాలకూ ఉన్న బంధం

ఇది చాలామందికి తెలియని సంగతి. తెలుగువారి మధ్య పనిచేసిన అమెరికన్ బాప్టిస్టు మిషను ఈ బానిసత్వపు గొడవలోంచే నడిచి వచ్చింది.

శామ్యూల్ డే దొరవారు 1836లో తెలుగుదేశానికి వచ్చి, 1840లో నెల్లూరులో స్థిరపడ్డారు. ఆ రోజుల్లో అమెరికాలో ఉత్తరాది, దక్షిణాది బాప్టిస్టులు కలిసే మిషనరీలను పంపేవారు. 1844లో అలబామా బాప్టిస్టులు ఒక ప్రశ్న వేశారు: బానిసలున్న యజమానిని మిషనరీగా పంపుతారా, పంపరా? బానిసత్వాన్ని ఒప్పుకున్నట్టు కనబడే ఏ ఏర్పాటులోనూ మేము భాగం కాలేమని బోర్డు జవాబిచ్చింది. 1845లో దక్షిణాదివారు విడిపోయి వేరే కన్వెన్షన్ పెట్టుకున్నారు. ఆ కన్వెన్షనే 150 ఏళ్ళ తర్వాత, 1995లో, బానిసత్వాన్ని సమర్థించినందుకు క్షమాపణ చెప్పింది. తెలుగు మిషను ఉత్తరాదివారి దగ్గర మిగిలింది.

ఆ మిషను పరిస్థితి కూడా అంతంతమాత్రమే. ఏళ్ళ తరబడి కష్టపడినా బాప్తిస్మము పొందినవారు వేళ్ళమీద లెక్కపెట్టేంతమందే. మూసేద్దామని మాటిమాటికీ చర్చ వచ్చేది. పటంలో ఒంటరిగా ఉన్న ఈ ఒక్క స్టేషనుకు ‘ఒంటరి నక్షత్రం’ అని పేరు పడింది. 1862లో, అక్కడ అంతర్యుద్ధం మండుతున్న వేళ, మళ్ళీ మూసివేత మాట వచ్చింది. లైమన్ జ్యూయెట్ దొరవారు జబ్బుపడి స్వదేశం వెళ్ళి ఉన్నారు. మీరు పంపినా పంపకపోయినా నేను తిరిగి వెళ్తాను, తెలుగువారి మధ్యే బ్రతుకుతాను, అవసరమైతే అక్కడే చస్తాను అన్నారు. అయితే నిన్ను పాతిపెట్టడానికైనా నీతో ఒకరిని పంపాలి అని కార్యదర్శి అన్నాడట. అలా తోడు వచ్చినవారే జాన్ క్లౌ దొరవారు. 1864 చివర ఓడ ఎక్కి 1865లో నెల్లూరు చేరారు. అంటే ఆ జనవరి 31న వాషింగ్టన్‌లో ఓట్లు లెక్కపెడుతున్నప్పుడు మన ఒంగోలు మిషనరీ సముద్రం మీద ఉన్నారు.

ఒంగోలులో ఆయనకూ ఒక ఓటు వేయవలసిన రోజు వచ్చింది. పైకులాలవారు బడికి పిల్లలను పంపుతున్నారు, మాట వింటున్నారు. అదే సమయంలో యెర్రగుంట్ల పేరయ్య ద్వారా మాదిగ పల్లెల్లో విశ్వాసం రాజుకుంది. మాదిగలను చేర్చుకుంటే మేము రాము అని పెద్దలు తెగేసి చెప్పారు. క్లౌ దొరవారు ఒక గదిలో, దొరసానిగారు మరో గదిలో బైబిలు తెరిస్తే ఇద్దరికీ ఒకే భాగం వచ్చిందని ఆయన చెప్పుకున్నారు: 1 కొరింథీయులకు 1:26 మొదలు, దేవుడు లోకంలో నీచులైనవారిని, తృణీకరింపబడినవారిని ఏర్పరచుకొనెనని చెప్పే మాటలు. ఎటు నిలబడాలో తేలిపోయింది.

మాదిగలు విశ్వాసులు కాగానే ఊరి చాకిరితో గొడవ మొదలైంది. ఆదివారం పని చేయం, చచ్చిన గొడ్డు మాంసం తినం, విగ్రహాలకు మొక్కం, దేవర కొలువులో డప్పు కొట్టం అన్నారు. ఊరివాళ్ళు బావి మూసేశారు, పని ఇవ్వడం మానేశారు. 1876 నుంచి 1878 వరకు కరవు వచ్చినప్పుడు క్లౌ దొరవారు బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం గుత్తకు తీసుకుని వేలమందికి పని చూపించారు, కూలి సరిగా ఇచ్చారు. తిండి కోసం మతం మారారన్న మాట పడకూడదని ఏడాదికి పైగా బాప్తిస్మాలు ఆపేశారు. కరవు సహాయం ఆగిన తర్వాత, 1878 జూలై 3న, గుండ్లకమ్మ ఏటిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మము పొందారు. మరుసటి ఏడు, 1879లో, ఆ మిషను హన్మకొండకు వచ్చింది. ఓరుగల్లు ప్రాంతంలో సువార్త నడిచిన దారుల్లో అదొకటి.

మిషనరీలు వచ్చి వెట్టిని తొలగించారని మేము చెప్పడం లేదు, ఎందుకంటే అది నిజం కాదు. అయితే బానిస యజమాని చేతిలో సువార్త పెట్టి పంపము అని 1844లో కొందరు చెప్పకపోతే, మన తాతల దగ్గరకు వచ్చిన సువార్త ముఖం వేరుగా ఉండేది. చెప్పవలసిన వేళ చెప్పిన ఒక్క ‘కాదు’ ఎంత దూరం వెళ్తుందో చూడండి.

మన దగ్గర సవరణ ఎప్పుడు వచ్చింది?

అమెరికాలో బానిసత్వం పోయిందన్న వార్త మన దేశంలోనూ వినబడింది. మహాత్మా జ్యోతిరావు ఫూలే 1873లో రాసిన ‘గులాంగిరి’ పుస్తకాన్ని బానిసల విడుదలకు పాటుపడిన అమెరికా ప్రజలకే అంకితమిచ్చారు. నిజాం రాజ్యంలోని తెలంగాణ పల్లె మాత్రం అప్పటికి ఇంకా దొర గడీ నీడలోనే ఉంది.

వెట్టి అంటే ఏమిటో మీ ఇళ్ళల్లో పెద్దలను అడగండి, కళ్ళతో చూసినవాళ్ళు ఇంకా కొందరు మిగిలి ఉన్నారు. ప్రతి పల్లెలో మాదిగ, మాల ఇళ్ళనుంచి వంతులవారీగా మనిషి వెళ్ళాలి. దొర బండి ముందు పరుగెత్తాలి, అధికారి మూట మోయాలి, కబురు తీసుకుపోవాలి. చాకలి బట్టలుతకాలి, మేనా మోయాలి. కుమ్మరి కుండలు, గౌండ్ల కల్లు, మంగలి పని, అన్నీ ఉత్తగనే. ఆడబిడ్డలు గడీలో దాసీలుగా ఉండాలి. అప్పు తీసుకుంటే ఆ అప్పుకు మనిషే కుదువ. తండ్రి తీర్చలేకపోతే కొడుకు జీతం ఉండాలి. అలాంటివాణ్ణి భగేలా అన్నారు. గోదావరి ఒడ్డున కొండరెడ్లు కలప, వెదురు వ్యాపారులకు బాకీపడి ఎలా చితికిపోయారో 1940లలో హైమండార్ఫ్ దొర తిరిగి చూసి రాశాడు. నిజాం ప్రభుత్వం వెట్టిని నిషేధిస్తూ ఫర్మానాలు ఇవ్వకపోలేదు. అవి హైదరాబాదు దాటి గడీ గుమ్మం దాకా రాలేదు. మన మిసిసిపీ కాగితాలు అవి.

పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తన పంటను విసునూరు దేశ్‌ముఖ్‌కు వదలనని నిలబడింది. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమురయ్య తూటాకు కూలిపోయాడు. ఆ తర్వాత జరిగిన పోరాటంలో ఆయుధం పట్టడం గురించి విశ్వాసులమైన మనకు మన ఆలోచన మనకుంది. కానీ ఆ మొర న్యాయమైన మొర. ఫరో బాధ్యత మరచి మోషే కోపాన్ని మాత్రమే తప్పుపట్టేవాడు నిర్గమకాండము సగమే చదివినవాడు.

మన దగ్గరా ఈ చరిత్రను సినిమాలుగా తీశారు. గౌతమ్ ఘోష్ దర్శకత్వంలో 1979లో వచ్చిన ‘మా భూమి’ నిజాం కాలపు పల్లె కథ. దాని నిర్మాతల్లో ఒకరైన బి. నర్సింగరావు తర్వాత 1988లో ‘దాసి’ తీశారు. గడీలో దాసీగా బ్రతికిన ఒక స్త్రీ మౌనమే ఆ సినిమా. ఆ పాత్ర వేసిన అర్చనకు జాతీయ ఉత్తమ నటి బహుమతి వచ్చింది. ‘లింకన్’ చూసిన యవ్వనస్థులు ఈ రెండూ కూడా చూడాలి. అందులో విడుదల ఇచ్చే చేతులు కనిపిస్తాయి, వీటిలో విడుదల కోసం చాచిన చేతులు కనిపిస్తాయి.

1950 జనవరి 26న అమలులోకి వచ్చిన మన రాజ్యాంగంలో 23వ అధికరణం మనుషుల వ్యాపారాన్ని, వెట్టిని, అలాంటి ప్రతి బలవంతపు పనినీ నిషేధించింది. అదే మన 13వ సవరణ. కానీ దేశమంతటా ఆ నేరానికి శిక్ష వేసే వెట్టి కార్మిక వ్యవస్థ రద్దు చట్టం వచ్చింది 1976లో. అంటే మధ్యలో పాతికేళ్ళ పైన గడిచాయి. ఆ చట్టం రెండో సెక్షన్ చదివితే మన ఊరి మాటలు కనిపిస్తాయి. దేశంలోని వెట్టి పేర్లన్నీ వరసగా రాస్తూ భగేలా, జీత, పాలేరు, వెట్టి అని రాశారు. మన పెద్దలు గొంతెత్తి చెప్పలేని మాటలు పార్లమెంటు చట్టంలోకి ఎక్కాయి. అయినా ఊళ్ళో జీతగాడు జీతగాడుగానే ఉన్నాడు. ఎస్.ఆర్. శంకరన్‌గారు లాంటి అధికారులు ఊరూరూ తిరిగి, మీరు విడుదలైనవారు, ఈ అప్పు మీరు కట్టనక్కరలేదు అని జీతగాళ్ళకు స్వయంగా చెప్పవలసి వచ్చింది. అలా చెప్పినందుకు ఆయన పైవారి కోపానికి కూడా గురయ్యారు.

1982లో సుప్రీంకోర్టు ఇంకో మాట తేల్చింది. ఢిల్లీలో ఏషియాడ్ ఆటలకోసం కట్టడాలు కట్టిన కూలీల కేసు అది. ఆకలి కూడా ఒక బలవంతమే, చట్టం చెప్పిన కనీస కూలి కంటె తక్కువకు పని చేయించుకుంటే అది 23వ అధికరణం నిషేధించిన బలవంతపు చాకిరే అని తీర్పు. కొరడా లేకపోయినా, గడీ లేకపోయినా అది వెట్టే.

సిద్కియా రోజుల్లో జరిగింది

ఇప్పుడు యిర్మీయా 34వ అధ్యాయము తెరవండి. 8వ వచనం నుంచి చదవండి.

బబులోను సైన్యం యెరూషలేమును చుట్టుముట్టింది. భయంలో సిద్కియా రాజు ప్రజలందరితో నిబంధన చేయించాడు. హెబ్రీ దాసులను, దాసీలను విడిచిపెట్టాలి, యూదుడు తన సహోదరుని చేత దాస్యము చేయించుకోకూడదు. ప్రధానులు, ప్రజలు అందరూ ఒప్పుకున్నారు. మందిరంలో, దేవుని సన్నిధిని, దూడను రెండు ముక్కలు చేసి ఆ ముక్కల నడుమ నడిచి మరీ ప్రమాణం చేశారు. దాసులను విడిచిపెట్టారు. ఇది వాళ్ళ జనవరి 31.

తర్వాత ఐగుప్తు సైన్యం వస్తోందని విని బబులోనువాళ్ళు కొంత వెనక్కి తగ్గారు. ప్రమాదం తప్పిందనుకున్నారు. వెంటనే విడిచిపెట్టిన దాసులను మళ్ళీ పట్టుకొచ్చి దాసులుగా చేసుకున్నారు. దేవునికి వచ్చిన కోపం ఆ అధ్యాయంలో చూడండి. విడుదల ప్రకటించినప్పుడు మీరు నా దృష్టికి యథార్థమైనది చేశారు, తిరిగి పట్టుకున్నప్పుడు నా నామాన్ని అపవిత్రపరచారు అంటాడు. దాసుణ్ణి తిరిగి పట్టుకోవడం దాసునికి చేసిన అన్యాయమే కాదు, దేవుని పేరుమీద పడిన మచ్చ. మీరు మీ సహోదరులకు విడుదల ఇవ్వలేదు కనుక నేను మీకు ఒక విడుదల ఇస్తాను, ఖడ్గానికీ తెగులుకూ కరవుకూ మిమ్మల్ని వదిలేస్తాను అంటాడు.

దేవుడు వాళ్ళ తీర్మానాన్ని చూసి తృప్తిపడలేదు. మర్నాడు ఏం చేశారో చూశాడు. అమెరికాను అడిగినా, నిజాం ఫర్మానాను అడిగినా, మనల్ని అడిగినా ఆయన అడిగేది ఒకటే: ప్రకటించారు సరే, తర్వాత ఏం చేశారు?

మిర్చి చేను గట్టు మీద

ఇక మన సంగతి. మన ప్రాంతంలో, ముఖ్యంగా ఏటూరునాగారం, మంగపేట, వెంకటాపురం, వాజేడు వైపు, మిర్చి ఏరే రోజులొస్తే ఛత్తీస్‌గఢ్ నుంచి కూలీలు పిల్లాపాపలతో వస్తారు. చెట్ల కింద, చేల పక్కన పరదాలు కట్టుకుని ఉంటారు. వాళ్ళ భాష మనకు సరిగా రాదు, మన లెక్క వాళ్ళకు సరిగా అర్థం కాదు. మన విశ్వాసుల్లో మిర్చి వేసినవాళ్ళున్నారు, మిర్చి ఏరేవాళ్ళున్నారు. ఆదివారం ఇద్దరూ ఒకే రొట్టెలో పాలుపంచుకుంటారు.

రైతు కష్టం మాకు తెలియనిది కాదు. విత్తనం అప్పు, మందుల అప్పు, కౌలు. ధర పడిపోయిన ఏడు చేను యజమాని కూడా సగం బంధీనే. కానీ పైవాడు మన మెడమీద పెట్టిన కాడిని కిందివాడి మెడకు మార్చడం విడుదల కాదు. యాకోబు 5:4 చదవండి. కోత కోసినవారికి ఇవ్వకుండా బిగపట్టిన కూలి తానే మొరపెడుతుందట. మనిషి నోరు మూయించవచ్చు, కూలి నోరు మూయించలేము. సైన్యముల ప్రభువు చెవిలో అది పడుతూనే ఉంటుంది.

అందుకని సంఘంగా మనం నాలుగు మాటలు ఒప్పుకుందాం. మొదటిది, ఏ రోజు కూలి ఆ రోజు, సూర్యుడు అస్తమించకముందే ఇవ్వాలి. ద్వితీయోపదేశకాండము 24:15 అదే చెబుతుంది. వారానికో, పంట అమ్మాకో అని ముందే మాట్లాడుకుంటే ఆ మాట తప్పకూడదు. రెండోది, ముందు ఇచ్చిన అడ్వాన్సు అప్పే గాని సంకెల కాదు. పని నచ్చక వెళ్ళిపోతానన్నవాణ్ణి, వాడి సామానో ఆధార్ కార్డో పట్టుకుని ఆపితే అది వెట్టే. మూడోది, ప్రభుత్వం చెప్పిన కనీస కూలి ఎంతో తెలుసుకుని, అంతకు తగ్గకుండా ఇవ్వాలి. ఆడవాళ్ళకు తక్కువ, మగవాళ్ళకు ఎక్కువ అన్న లెక్క మన చేలల్లో ఉండకూడదు. నాలుగోది, ఏరడానికి వచ్చిన పిల్లల చేతిలో గంప ఉంటే ఊరుకోవద్దు, అంగన్‌వాడీకో బడికో తీసుకెళ్ళండి.

పౌలు ఫిలేమోనుకు రాసిన చిన్న పత్రిక గుర్తు చేసుకోండి. ఒనేసిము పారిపోయిన దాసుడు. అతణ్ణి ఇకమీదట దాసుడని కాక, దాసునికంటె ఎక్కువవాడుగా, ప్రియ సహోదరునిగా చేర్చుకోమని అడిగాడు. అతను ఏమైనా బాకీ ఉంటే నా లెక్కలో వేయి, నేనే తీరుస్తాను అని స్వంత చేతితో రాశాడు. ఫిలేమోను ఏం చేశాడో బైబిలు చెప్పలేదు. జవాబు రాయవలసిన చోటు ఖాళీగా వదిలేసింది. ఆ చోట ఇప్పుడు మన పేరు రాసుకోవాలి.

మన బాకీ కూడా ఒకరు తన లెక్కలో వేసుకుని సిలువమీద తీర్చారు. లింకన్ చేసినది గొప్ప పని, రాజ్యాంగం చేసినది గొప్ప పని. వాటికోసం దేవునికి వందనాలు చెబుదాం. కానీ విడుదలైనవాడినని చెప్పుకునే నేను ఇంకొకణ్ణి బిగించి పట్టుకుని ఉంటే, నా సాక్ష్యం ఆఫీసుకు చేరని కాగితమే.

ప్రార్థన చేద్దాం.

పరలోకమందున్న మా తండ్రీ, మా పితరుల మొర విన్నవాడవు నీవే. గడీల నీడలోంచి మమ్మల్ని వెలుగులోకి నడిపించినవాడవు నీవే. విడుదల పొందిన మా చేతులు ఇంకొకరిని బంధించకుండా కాపాడుము. మా చేలల్లో చెమటోడ్చిన ప్రతివాని కూలి మా చేతినుండి నిండుగా వెళ్ళునట్లు కృప చూపుము. మా అప్పుల భారాన్ని నీవే చూడుము. మా ఊళ్ళలో ఇంకా విడుదల వార్త అందనివారికి ఆ వార్త మోసుకెళ్ళే కాళ్ళుగా మమ్మల్ని వాడుకొనుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.